ప్రోస్టేటు రాచకురుపు – యంత్రహస్త చికిత్స



నేను 36 సంవత్సరములు బడిలో తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. మాది విజయనగరము దగ్గరి నెల్లిమర్ల. వైద్యుడను కాను. వ్యాకరణము చదువుకొన్నవానికి శస్త్రచికిత్సతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ పని కల్పించినది నా శరీరమే. మూడేండ్ల క్రిందట మాఘమాసమున నాకు ప్రోస్టేటు గ్రంథియందు కాన్సరు, అనగా మన పెద్దలు రాచకురుపని పిలిచెడి వ్యాధి, కలదని తేలెను. విశాఖపట్టణమున ఒక ఆసుపత్రిలో రోబో యను యంత్రముయొక్క సాయముతో ఆ గ్రంథిని తీసివేసిరి. ఆ యేడే శ్రావణమాసమున మా వీధివాడైన మిత్రునకు అదే వ్యాధి బయటపడెను. ఆయన గోనె మిల్లులో పనిచేసి విరమించినవాడు. ఊరందరును మిల్లు నాయుడందురు. ఒకనాటి సాయంకాలము మా అరుగుమీద కూర్చుండి ఆయన అడిగిన ప్రశ్నయే ఈ ప్రసంగమునకు మూలము.

"ఏటి మాస్టారూ, ఆ రోబో మిసనుకి అరెకరం అమ్మీమంటన్నాడు మా పెద్దోడు. అమ్మీమంటారా?"

ఆయనకున్నది ఆ అరయెకరమే. నేను ఆ యంత్రముచేతనే బాగుపడితిని గనుక అమ్ముమను మాట నా నోటిదాక వచ్చెను. కాని ఒకరి భూమిని గూర్చి చెప్పుమాట, నాలుక చివరనుండి చెప్పదగినది కాదు. పదునైదు దినములు గడువడిగితిని. నా పూర్వశిష్యుడొకడు వైద్యుడై యున్నాడు. అతని యింటికిపోయి, ఈ చికిత్సను గూర్చి దేశదేశములలో జరిగిన పరిశోధనలను అతనిచే చదివించుకొని, అర్థము కానిచోట మరల చదివించుకొని వచ్చితిని. గురువు శిష్యుడగుట యందు అవమానమేమియు లేదని అప్పుడు నేర్చుకొంటిని.

ముందుగా ఈ గ్రంథి యేదో చెప్పవలెను. మూత్రాశయము క్రింద, మూత్రనాళము మొదటి భాగమును చుట్టుకొని, పురుషులకు మాత్రమే యుండునది ప్రోస్టేటు. యౌవనమున పెద్ద ఉసిరికాయంత యుండును. శుక్రముతో కలియు ద్రవము నొకదానిని స్రవించుట దీని పని. వయసు మళ్ళినకొలది ఇది పెరుగును. పెరిగి నాళమును నొక్కుటచేత ధార సన్నగిల్లుట, రాత్రి పలుమారులు లేవవలసి వచ్చుట మొదలగు బాధలు కలుగును. సుశ్రుతుడు మూత్రాఘాతములను చెప్పుచు, మలమార్గమునకును వస్తికిని నడుమ రాతివలె గట్టిపడు నొక గడ్డను వాతాష్ఠీల యని వర్ణించియున్నాడు. అది ఈ గ్రంథి పెరుగుదలయే యని నేటి వైద్యులు కొందరు తలంతురు. ముదిమిలో వచ్చు ఈ పెరుగుదల చాలవరకు కాన్సరు కాదు. ఆ మాట విని చాలమంది గుండె కుదుటపరచుకొనవచ్చును.

కాన్సరు మార్గము వేరు. అది తరచుగా గ్రంథియొక్క వెలుపలి అంచున పుట్టును. అందుచేత తొలిదశలో ధారకు అడ్డము రాదు, నొప్పియు నుండదు. బాధ తెలియువరకు ఆగినవానికి ఒక్కొక్కప్పుడు నడుమునొప్పియే మొదటి కబురగును. అప్పటికి వ్యాధి వెన్నెముకకు ప్రాకియుండును. అట్టివారికి గ్రంథిని కోసి తీయుటవలన సాధారణముగా ప్రయోజనము లేదు. 1941లో చార్లెస్ హగ్గిన్సు అను వైద్యుడు అమెరికాలో, పురుష హార్మోనును అణచినచో ఈ వ్యాధి తగ్గుముఖము పట్టునని చూపెను. అందులకు 1966లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ముదిరిన రోగులకు నేటికిని ఆ మార్గమే ప్రధానాధారము. కాని అది వ్యాధిని నిలువరించునే గాని వేరుతో పెరుకదు. మన దేశమున ఇట్లు ఆలస్యముగా వచ్చువారే ఎక్కువ. దీనికి పేదరికమెంత కారణమో సిగ్గును అంత కారణము. పంచె తడియుచున్నదని కొడుకుతో చెప్పలేక, కోడలు ఉతికిన బట్టలను మరల తానే రహస్యముగా ఉతుకుకొన్న వృద్ధుని నేనెరుగుదును.

రక్తములో పి.యస్.ఏ. యను పదార్థమును కొలుచుట మొదటి పరీక్ష. అది పెరిగినంత మాత్రమున కాన్సరని కాదు. ఉత్తపెరుగుదలవలనను, తాపమువలనను పెరుగవచ్చును. వైద్యుడు వ్రేలితో పరీక్షించును, ఎం.ఆర్.ఐ. తీయించును, పిమ్మట సూదితో చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. కణముల రూపమును బట్టి గ్లీసన్ అను వైద్యుడేర్పరచిన పద్ధతిలో 6 మొదలు 10 వరకు అంకె వేయుదురు. 6 అనగా మెత్తనిది, 10 అనగా ఉగ్రమైనది. నాకును నాయునకును 7 వచ్చెను. గ్రంథిని దాటి పోలేదనియు తేలెను.

ఇక్కడ ఒక ముఖ్యవిషయము. కాన్సరని పేరు వినగనే కోయవలెనని తొందరపడరాదు. బ్రిటనులో 1999 మొదలు 2009 వరకు పరీక్షలు జరిపి, వ్యాధి గ్రంథిలోనే యున్న 1643 మందిని చీటీలు వేసినట్లు మూడు తెగలుగా విభజించిరి. ఒక తెగకు శస్త్రచికిత్స, ఒక తెగకు కిరణచికిత్స, మూడవ తెగను ఏమియు చేయక పరీక్షలతో కనిపెట్టి యుండుట. 15 సంవత్సరముల ఫలితమును 2023లో ప్రకటించిరి. ఈ వ్యాధిచే మరణించినవారు మూడు తెగలలోను నూటికి ఇంచుమించు 2 లేక 3 మాత్రమే. అయితే కనిపెట్టియున్న తెగలో నూటికి 9 మందికి వ్యాధి దూరమునకు ప్రాకెను. తక్కిన రెండు తెగలలో నూటికి 5 మందికి. కనిపెట్టియున్నవారిలో సగముకంటె ఎక్కువమంది నడుమ ఎప్పుడో చికిత్స చేయించుకొనిరనుటయు మరువరాదు. వ్యాధి నెమ్మదిగా నడచునది. ఆలోచించుకొనుటకు కొన్ని వారములు, నెలలు గడువు ఇచ్చునది. నాయునికి నేను మొదట చెప్పినది ఇదే. ఆ రాత్రి ఆయన నిద్రపోయెనని మరునాడు చెప్పెను.

ఇక శస్త్రచికిత్స చరిత్ర కొంత. 1904లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హ్యూ హాంప్టన్ యంగు అను వైద్యుడు కాన్సరుకై ఈ గ్రంథిని సమూలముగ తీసెను. 1947లో టెరెన్సు మిలిన్ అను ఐర్లాండు వైద్యుడు పొత్తికడుపు మార్గమును ప్రచారములోనికి తెచ్చెను. అయినను ఆ చికిత్సయనిన రోగులు వణకుచుండిరి. రక్తము ప్రవాహముగా పోవును, మూత్రము నిలువదు, దాంపత్యశక్తి నశించును. ఆ శక్తి కారణమైన నరములు గ్రంథికి ఇరుప్రక్కల సాలెగూటి పోగులవలె అంటియుండునని ఎవరును సరిగా ఎరుగరు. 1981లో హాలండు దేశమున లైడెన్ నగరములో డాంకర్ అను వృద్ధ వైద్యునితో కలిసి ప్యాట్రిక్ వాల్షు ఆ నరముల దారి కనుగొనెను. 1982లో వాటిని కాపాడుచు మొదటి చికిత్స చేసెను. నా దృష్టిలో ఈ చరిత్రయందు పెద్ద మలుపు అదియే. యంత్రము తరువాత వచ్చినది.

ఆ యంత్రము కథలో మన తెలుగువాని పేరుకూడ కలదు. రోబోతో ఈ గ్రంథిని తీయుట 2000 మే నెలలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో మొదలైనది. ఆ యేటి చివర అమెరికాలోని డెట్రాయిటు నగరమున, హెన్రీ ఫోర్డు ఆసుపత్రిలో, కేరళదేశీయుడైన డాక్టరు మణి మీనన్ దానిని చేపట్టెను. ఆయన మొదట పారిస్ వైద్యులను పిలిపించి, కడుపున చిన్న రంధ్రములు చేసి పొడవైన పనిముట్లతో తీయు పద్ధతి నేర్వబూనెను. ఆ పద్ధతి మిక్కిలి కఠినము. యంత్రముతో అదే పని సులభమగుటచే అటు మళ్ళెను. ఆ నగరములో వ్యాపారము చేసి ధనము గడించిన తెలుగువాడు వట్టికూటి రాజ్ 2001లో ఆ ఆసుపత్రికి గొప్ప విరాళమిచ్చెను. అక్కడి మూత్రవైద్య సంస్థకు వట్టికూటి పేరే నిలిచినది. మీనన్ స్థిరపరచిన పద్ధతికిని ఆ పేరే. వేలకొలది రోగులకు అక్కడ చికిత్స జరిగెను. దేశదేశముల వైద్యులు అక్కడికి పోయి నేర్చుకొనిరి. మన దేశమునకును ఆ విద్య వచ్చినది. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో ఆరంభమై నేడు హైదరాబాదు, విశాఖపట్టణములవరకు ప్రాకినది. స్వదేశములోనే తయారైన మంత్ర అను యంత్రము సైతము ఇటీవల వాడుకలోనికి వచ్చినది.

రోబో యనగానే యంత్రము తానే కోయునని కొందరి భ్రమ. మా నాయుడును అట్లే అనుకొనెను. ఆ పదమును 1920లో చెకోస్లొవేకియా నాటకకర్త కారెల్ చాపెక్ తన నాటకమునకై లోకమునకు తెచ్చెను. దాని మూలధాతువునకు ఆ భాషలో వెట్టిచాకిరి యని అర్థము. పేరు చక్కగా కుదిరినది. ఆ యంత్రము నిజముగా వెట్టివాడే. చెప్పినది చేయునే గాని తలంపు లేదు. తోలుబొమ్మలాటను తలచుకొనుడు. తెరవెనుక ఆటగాడు పుల్లలు త్రిప్పిన గాని రాముడు విల్లెత్తడు. అట్లే శస్త్రవైద్యుడు రోగికి కొన్ని అడుగుల దూరమున ఒక పీఠముకడ కూర్చుండి, కన్నులు అద్దములకు ఆనించి, రెండుచేతుల వ్రేళ్ళతో మీటలు కదల్చును. రోగి కడుపున చిటికెనవ్రేలి మందమున చేసిన అయిదారు రంధ్రములద్వారా లోపలికి పోయిన యంత్రపు చేతులు ఆ కదలికను అనుకరించును. దృశ్యము పదిరెట్లు పెద్దదై, లోతుతో కనబడును. వైద్యుని చేయి వణకినను యంత్రము వణకదు. పనిముట్టు కొన మన మణికట్టుకంటె ఎక్కువగా తిరుగును. కడుపులోనికి వాయువు నింపుటవలన రక్తము తక్కువ కారును. లోపమేమన, తాకిన స్పర్శ వైద్యునికి తెలియుట బహుస్వల్పము; కంటితోనే గ్రహింపవలెను. యంత్రము ధర కోట్ల రూపాయలు. ఆ ధర చివరకు రోగి చీటీమీదికే వచ్చును.

ఇక నాయుని ప్రశ్న: దానివలన ఫలితము మేలా?

యంత్రమును, తెరచి కోయుటను చీటీవేసి పోల్చిన పరీక్ష ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జరిగెను. 326 మంది రోగులు. యంత్రముచే చేసినవారికి పోయిన రక్తము సగటున అర లీటరుకు తక్కువ. తెరచి చేసినవారికి లీటరుంబాతిక పైన. మొదటివారు ఒకటిన్నర దినములోనే యింటికి పోయిరి; రెండవవారు మూడు దినములు దాటియుండిరి. ఇంతవరకు యంత్రమునకు జయమే. కాని మూత్రము నిలుచుట, దాంపత్యశక్తి అను రెండింటియందును 12 వారములకు, పిదప 2 సంవత్సరములకు చూడగా చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. యంత్రము పట్టిన వైద్యుడు ఆ పనిలో తెరచి కోసిన వైద్యునికంటె చాల చిన్నవాడనియు, అయినను సరితూగెననియు కొందరు వాదింతురు. ఆ వాదములో న్యాయము కలదు. 2021లో ప్రకటించిన జర్మనీ పరీక్షలో, రంధ్రములద్వారా చేతితో చేసినవారికంటె యంత్రముతో చేసినవారికి 3 నెలలకు మూత్రము నిలుచుట కొంత మేలుగా నుండెను. నూటికి 54, 46 అను తేడా. స్వీడనులో వేలమంది రోగులను గమనింపగా, సంవత్సరము పిదప మూత్రము కారుచున్నవారు యంత్రచికిత్సలో నూటికి 21, తెరచిన చికిత్సలో 20. దాంపత్యశక్తి కొరవడినవారు నూటికి 70, 75. ఈ అంకెలను గోప్యముగా నుంచక మీ ముందు చెప్పుచున్నాను. ఎందుకనగా కొన్ని ఆసుపత్రుల కరపత్రములలో ఈ అంకెలు కనబడవు. నేను చేరిన చోట నాకిచ్చిన రంగుల కాగితములో "మరునాడే నడక, మూడవనాడు ఇల్లు" అని యుండెను. నడచితిని, ఇంటికి వచ్చితిని. ఆ పిదప జరుగునది అందులో లేదు.

జరిగినది చెప్పెదను. తొమ్మిది దినములు గొట్టముతో నుంటిని. గొట్టము తీసిననాడు నిలుచుండగనే పంచె తడిసెను. అరువదియైదేండ్ల పండితుడను, పసివానివలె గుడ్డలు కట్టుకొంటిని. మూడు నెలలు దేవాలయమునకు పోలేదు, సభకు పోలేదు. వైద్యుడు క్రిందికండరములను బిగించి వదలు వ్యాయామము చెప్పెను. అది మన యోగశాస్త్రములోని మూలబంధమునకు దగ్గర చుట్టము. చిన్ననాడు మా గురువుగారు నేర్పగా నవ్వినవాడను. ముదిమిలో దినమునకు మూడుపూటలు శ్రద్ధగా చేసితిని. ఆరవ నెలకు చాలవరకు నిలిచెను. నేటికిని గట్టిగా దగ్గినను, బస్సెక్కునప్పుడును కొంచెము కారును; ప్రయాణమునకు పోవునప్పుడు మెత్త ధరింతును. దాంపత్యవిషయమున పూర్వస్థితి రాలేదు. సభలో చెప్పదగిన మాట కాకపోవచ్చును గాని, చెప్పనిచో ఈ ప్రసంగము సగమబద్ధమగును. ఇది చదివి వినిపింపగా నా భార్య నవ్వి, కాఫీ చల్లారుచున్నదనెను.

వ్యాధిమాట? గ్రంథి పూర్తిగా పోయినచో పి.యస్.ఏ. ఇంచుమించు సున్నకు దిగవలెను. పిదప 0.2కు ఎక్కి నిలిచినచో వ్యాధి మరల మొలచుచున్నదని అనుమానింతురు. అప్పుడు కిరణచికిత్స చేయుదురు. నాది ఇంతవరకు దిగియేయున్నది.

వ్యాధి మరల మొలచుట యంత్రమును బట్టియా, వైద్యుని బట్టియా? ఈ ప్రశ్నకు జవాబు నాకొక అమెరికా పరిశోధనలో దొరికినది. 2007లో ప్రకటించినది. 72 మంది శస్త్రవైద్యులు చేసిన 7765 చికిత్సలను లెక్కించిరి. అవి అన్నియు తెరచి చేసినవే. అంతకు ముందు 10 చికిత్సలు మాత్రమే చేసిన వైద్యుని రోగులలో 5 సంవత్సరములలో వ్యాధి మరల కనబడినవారు నూటికి ఇంచుమించు 18. 250 చేసిన వైద్యుని రోగులలో నూటికి 11. యంత్రమునకు, చేతికి మధ్యనున్న భేదముకంటె ఈ చేతికి, ఆ చేతికి మధ్యనున్న భేదమే పెద్దదని నాకు తోచినది. సుశ్రుతుడు 101 యంత్రములను లెక్కపెట్టి, వాటిలో ప్రధానమైనది హస్తమేయని చెప్పినాడు. శిష్యుని యింట ఆ లెక్క విన్నప్పుడు నాకా మాట తలపునకు వచ్చి, కొంతసేపు మాటాడలేకపోతిని.

గడువు తీరిననాడు నాయుని అరుగుమీదికి పోయి ఇట్లంటిని: "నాయుడూ, భూమి అమ్మవద్దు. వైద్యునికడకు పోయి యంత్రమున్నదా యని అడుగకుము. ఈ చికిత్స మీరెన్ని చేసితిరి, మీ రోగులలో యేడాదికి ఎందరు గుడ్డలు మానిరి, నాకు కిరణచికిత్స తగునా తగదా యని అడుగుము. జవాబు చెప్పుటకు విసుగుకొనువానికడ కోయించుకొనకుము." పెద్దకొడుకు అక్కడనే యుండెను. తండ్రి ప్రాణమునకు పొలము అడ్డమాయెనా యని నన్ను నిష్ఠూరమాడెను. నాకు కోపము రాలేదు. తండ్రికై ఉన్నదంతయు అమ్మదలచిన కొడుకును ఏమనగలను?

ఆ పిదప వారు విశాఖపట్టణమువద్ద అగనంపూడిలోనున్న హోమీ భాభా కాన్సరు ఆసుపత్రిని గూర్చియు విచారించిరి. కిరణచికిత్సను గూర్చియు ఆలోచించిరి. చివరకు నగరములో, ఇరువదియేండ్లుగా తెరచి ఈ గ్రంథిని తీయుచున్న ఒక వైద్యుని చేతనే కోయించుకొనుటకు నాయుడు నిశ్చయించుకొనెను. వ్యయము చాలవరకు ప్రభుత్వ పథకము క్రింద తీరెను. రెండు సీసాల రక్తమెక్కించిరి. నేను మూడు దినములకు వచ్చితిని. ఆయన ఏడవనాటికి వచ్చెను. బొడ్డు క్రింద జానెడు గాటు. నెలదినములు వంగలేకపోయెను. ఆ నెలలో పెద్దకొడుకు నన్ను చూచి మొగము త్రిప్పుకొనుచుండెను. కాని నాలుగవ నెలకే నాయుని గుడ్డలు మానినవి. నాకంటె రెండు నెలలు ముందు. ఇద్దరిని చూచి సిద్ధాంతము చేయరాదు. ఆయనది మిల్లులో బస్తాలు మోసిన శరీరము, నాది కుర్చీలో కూర్చుండినది. అయినను ఆ విషయమును అరుగుమీద ఆయన నాకు తరచుగా జ్ఞాపకము చేయుచుండును.

నిరుడు ఆ అరయెకరమున ఉలవలు చల్లిరి. పెద్దకొడుకే ఒక సంచి తెచ్చి మా గుమ్మమున దింపి, "నాన్న ఇమ్మన్నాడండి" అని నిలుచుండెను. కూర్చుండుమంటిని, కూర్చుండెను. వచ్చు పుష్యమాసమున మాకిద్దరకును మరల రక్తపరీక్ష. ఒకే బస్సులో పోవుదుము.